నాయుడు గారి తోట ట్రాక్టరుకి నేను వేసిన నీలం

బళ్ళకి రంగులేసే పనిలో ముప్ఫై ఏళ్ళు గడిచిపోయాయి. లారీలు, బస్సులు, ట్రాక్టర్లు వేశాను. ఒకసారి ఒక పెళ్ళికొడుకు పట్టుబట్టి తెస్తే ఎడ్లబండికి కూడా రంగు కొట్టే గన్ను పట్టాను. పోయినేడు డాక్టరు నా ఊపిరితిత్తుల ఫొటో చూసి, ఇక గన్ను ముట్టుకోవద్దన్నాడు. మానేశాను. ఇప్పుడు కొత్తవలసలో షెడ్డుల్లో చేరుతున్న కుర్రాళ్ళు కనబడినప్పుడల్లా "నీకు తెలిసింది రాసివ్వు మావా" అంటున్నారు.

తెలిసింది రాయడం తేలికే. థిన్నరు ఎంత కలపాలి, గన్ను ఎంత దూరంలో పట్టాలి, వానాకాలంలో పూత ఎందుకు పాలిపోతుంది, ఇవన్నీ రెండు కాగితాల్లో అయిపోతాయి. సగం డబ్బా మీదే రాసుంటుంది. నాకు తెలియనిది రాయాలనుంది. నేను సొంతంగా పట్టిన మొదటి బండి దగ్గర ఒక సంగతి జరిగింది. అందులో నేను చేసింది తప్పో, పనో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. రాస్తే తేలుతుందేమోనని రాస్తున్నాను.

సముద్రానికి వెళ్ళనివాడు

మాది శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డున వేటకి వెళ్ళేవాళ్ళ ఊరు. నాన్న, ఇద్దరన్నలు నావ మీద వెళ్ళేవారు. నేనూ పంతొమ్మిదో ఏట దాకా వెళ్ళాను. ఒకనాడు ఒడ్డు దగ్గరి అలల్లో నావ తిరగబడింది. ఎవరికీ ఏమీ కాలేదు, అందరూ నవ్వుకుంటూ బయటికి వచ్చారు. నేను మాత్రం ఆ రోజు నుంచి అల దాటలేకపోయాను. భయం. దానికి ఇంకో పేరు పెట్టడం నాకు చేతకాదు.

మా వీధిలో వేటకి వెళ్ళని మగాడు అందరికీ లోకువ. చేపలు వేరుచేస్తున్న ఆడవాళ్ళు నన్ను చూసి "దానేసూ, ఈవేళ కూడా కాళ్ళు తడవలేదేటి" అని అడిగేవారు. ఆ మాటలు పడలేక నావలకి రంగులెయ్యడం పట్టుకున్నాను. పాత రంగు గీకడం, చెక్కకి సొరచేప నూనె పట్టించడం, ఎండాక రంగు వెయ్యడం. నాలుగేళ్ళు అదే పని. నేనొక పెయింటర్ని అయిపోయాననుకున్నాను.

మా మేనమామ చెప్తే కొత్తవలసలో సింహాద్రి మేస్త్రి షెడ్డులో పెట్టుకున్నారు. బస్సెక్కేటప్పుడు నాన్న ఒకటే మాటన్నాడు. "ఆరు నెల్లు సూడు. నిలబడ్డావా, సరే. నిలబడలేదనుకో, నావలో నాలుగో మడిసి కావాల. వచ్చీయాల." సరేనన్నాను. ఇంకేమనగలను.

సింహాద్రి మేస్త్రి గురించి నిజం రాస్తాను, ఆయన లేరు గనక ఆయన చెవిన పడదు. చెయ్యి బంగారం, నోరు బురద. ఆయన ఎవరికీ ఏదీ చెప్పి నేర్పలేదు. మనం తప్పు చేసేదాకా ఊరుకుని, చేశాక తిట్టేవాడు. ఆ తిట్లలోంచి పనికొచ్చే ముక్క ఏరుకోవాలి. ఆయన దగ్గర సంవత్సరంలో నేర్చుకున్నది, చెప్పి నేర్పేవాడి దగ్గరైతే రెండు నెలల్లో వచ్చేది. తర్వాత నేను మేస్త్రినయ్యాక కొన్నాళ్ళు నేనూ అలాగే ఉన్నాను. ఎందుకున్నానో తెలియదు, సిగ్గుగా ఉంది.

మొదటి అయిదు నెలలు నా చేత వాటర్ పేపరు పట్టించాడు. లారీ తొట్టెలకి, డోర్లకి నీళ్ళు పోస్తూ గరుకు కాగితంతో రుద్దడమే. వేళ్ళ చర్మం పల్చబడి, అన్నంలో పచ్చడి కలుపుకుంటే మండేది. గన్ను వైపు చూస్తే "సూపులు సాలు, రుద్దు" అనేవాడు. ఆయన లేనప్పుడు పాత రేకుల మీద కొట్టి చెయ్యి తిప్పుకునేవాణ్ణి. అప్పుడు వచ్చింది ఆ చిన్న ట్రాక్టరు.

చిన్న ట్రాక్టరు

శృంగవరపుకోట వైపు మామిడితోటున్న అప్పలనాయుడు గారిది ఆ బండి. ఆయనకి అప్పటికి డెబ్బై దాటాయి. తోట వేసిన కొత్తలో, కొమ్మల కింద పెద్ద ట్రాక్టరు పట్టదని, ఎక్కణ్ణించో ఈ పొట్టి బండిని వెతికి తెచ్చుకున్నారట. బోనెట్టు నా నడుం ఎత్తుకి వచ్చేది. కంపెనీ పేరున్న రేకు ఎప్పుడో ఊడిపోయింది. వానల ముందు ఏ డబ్బా చేతికందితే ఆ రంగు ఆయనే బ్రష్షుతో పులిమేవారు. ఒక చోట గోరుతో గీకితే ఎరుపు, దాని కింద పచ్చ, దాని కింద మళ్ళీ ఎరుపు.

ఆయన భార్య పైడమ్మ గారు కూడా వచ్చారు. నాయుడు గారు మేస్త్రితో "నాను తెచ్చిన్నాటి రంగు ఎయ్యాల" అన్నారు.

"ఏ రంగు మావా?"

"నీలం."

"నీలాల్లో శానా ఉన్నాయి."

"నానుండగా నీకు బెంగెందుకు? నువ్వు కలుపు, నాను సెప్తాను."

మేస్త్రికి ఆ వారం రెండు లారీలు ఒప్పుకున్న పని ఉంది. నన్ను పక్కకి పిలిచాడు. "ఇది నువ్వొక్కడివే సెయ్యి. నాయుడు మావ సరిపోయిందంటే షెడ్డులో ఉండు. పేచీ ఎట్టినాడనుకో, సంచి సర్దుకో." నాన్న పెట్టిన గడువుకి ఇంకో నెలుంది. ఆ సాయంత్రం టీ కూడా తాగలేదు. సంతోషమో భయమో తెలియక బండి చుట్టూ తిరిగాను.

సొర నూనె

రెండు రోజులు గీకాను. బోనెట్టు, మడ్‌గార్డులు ఇనుము తేలేదాకా గీకాను. మబ్బు పట్టింది. తెల్లారేసరికి పచ్చి ఇనుము మీద తుప్పు పొడి లేస్తుందని భయమేసింది. మా ఊళ్ళో గీకిన చెక్క మీద ఏం చేస్తామో అదే చేశాను. ఊరి నుంచి అన్న పంపిన సీసాలో సొర నూనె ఉంది, కీళ్ళ నొప్పులకి రాసుకుందామని దాచుకున్నది. దాన్ని గుడ్డతో బండి మొత్తానికి పట్టించాను. ఇనుము నల్లగా నిగనిగలాడింది. మేస్త్రి చూస్తే మెచ్చుకుంటాడనుకున్నాను.

పొద్దున్నే ఒక పొడిగుడ్డతో తుడిచేసి అడుగుపూతగా ప్రైమరు కొట్టాను. కొట్టిన చోటల్లా పూత వెనక్కి జరిగిపోయింది. చిన్నచిన్న గుండ్రాలుగా ఇనుము బయటికి కనబడుతోంది. గన్ను పాడైందనుకుని కడిగాను. మళ్ళీ కొట్టాను, మళ్ళీ అంతే. థిన్నరు మార్చాను. ప్రైమరు డబ్బా మార్చాను. మధ్యాహ్నానికి బండికి అమ్మవారు పోసినట్టయింది. ఎందుకిలా అవుతోందో నాకు అంతుపట్టలేదు. నేను చేసిన పని మా ఊళ్ళో పది నావలకి చేసి మెప్పు పొందిన పనే కదా.

మేస్త్రి అన్నం తిని వచ్చాడు. దగ్గరికొచ్చి ముక్కు ఎగబీల్చాడు. వేలితో రాసి వాసన చూశాడు. "ఒరే, ట్రాక్టరికి పులుసు ఎట్టినావేటి?"

షెడ్డంతా నవ్వింది. ఆ పేరు నాకు రెండేళ్ళు అంటుకుంది, పులుసు దానేసు అని. నవ్వులయ్యాక ఆయన తిట్లలో ఏరుకున్న ముక్క ఇది. చెక్క నూనె తాగుతుంది, ఇనుము తాగదు. తాగని నూనె మీద ఏ రంగూ నిలబడదు. గుడ్డతో తుడిస్తే పోయిందనుకుంటాం, పోదు. ఒక పనిలో మంచి అలవాటు ఇంకో పనిలో రోగమవుతుంది. మీరు ఎక్కణ్ణించి వచ్చినా, మొదటి రోజున మీ చేతికి తెలిసిన పనిని అనుమానించండి.

బండి మొత్తం కాస్టిక్ సోడా నీళ్ళతో కడిగి, మళ్ళీ మొదటికి వచ్చాను. ఈసారి విప్పగలిగినవన్నీ విప్పాను. అప్పుడే సీటు కూడా విప్పాను. ఇనప సీటు. పైన నాలుగు రంగులు. తిరగేస్తే కింద ఎవరి బ్రష్షూ తగలని చోట అసలు రంగు ఉంది. మట్టి కడిగితే తేటగా కనబడింది. నీలమే, కానీ నెమ్మదైన నీలం, కాస్త బూడిద కలిసిన నీలం. ఇక దీన్నిబట్టి కలిపేయడమే అనుకున్నాను.

ఇంకా నీలం

కంప్యూటరు రంగు కలిపే రోజులు కావు. తెలుపు, నీలం, నలుపు డబ్బాలు పెట్టుకుని కంటితో చూసి కలపడమే. సీటు కింది రంగుకి సరిగ్గా తూగేలా కలిపి ఒక రేకు ముక్క మీద వేశాను. నాయుడు గారు బస్సులో వచ్చారు, పక్కన పైడమ్మ గారు. ఆయన రేకుని నీడలో చూశారు, ఎండలో చూశారు, ముక్కు దాకా తెచ్చుకుని చూశారు.

"ఇదేటిరా, పసరు రంగు. నీలం కలుపు."

కలిపాను. రెండు రోజులకి మళ్ళీ వచ్చారు. "ఇంకా కలుపు." మళ్ళీ కలిపాను. "ఇంకా మట్టిగున్నాది." ఆరో రేకుకి వచ్చేసరికి నా కళ్ళ మీద నాకే నమ్మకం పోయింది. టీ కొట్టతన్ని పిలిచి చూపించాను. "నీలం బావూ, ఇంక నీలం కాక ఏటి" అన్నాడు. నేను మళ్ళీ సీటు దగ్గరికి వెళ్ళి చూశాను. ఆయన చెప్పేదీ సీటు చెప్పేదీ రెండు వేరు రంగులు. ఎవరు చెప్పేది రంగు? బండి ఆయనది. జ్ఞాపకం ఆయనది. నేను నిన్నగాక మొన్న వచ్చిన పులుసు దానేసుని.

మేస్త్రిని అడిగాను. "సీటు కింద అసలు రంగున్నాది. నాయుడు గారికి సూపించనా?" ఆయన లారీ మీంచి తల తిప్పకుండానే చెప్పాడు. "ఆయన కళ్ళు తప్పని నువ్వు రుజువు సేస్తావా? సేసి ఏటి తెచ్చుకుంటావు? ఆయన ఏది అసలంటే అదే అసలు."

ఏడో రేకు మీద వేసింది నీలం అనడానికి కూడా నాకు నోరు రాలేదు, అంత ఘాటుగా ఉంది. ఆయన వచ్చేముందు నేను ఒక పని చేశాను. మూలనున్న సీటు వెల్లకిలా పడుంది, కింది భాగం పైకి కనబడుతోంది. దాన్ని తీసి తిన్నగా పెట్టాను, ఆ రంగు నేల వైపు ఉండేలా. ఎవరూ చెప్పలేదు నాకు. నా చేతులే చేశాయి.

ఆయన రేకు చూసి చాలాసేపటికి నవ్వారు. "ఇది. ఇదిరా నా బండి." నేను ఒక్కసారి ధైర్యం చేసి "మరీ ఎక్కువైపోదాండీ?" అన్నాను. "కళ్ళు నీవా, నావా?" అన్నారు. పైడమ్మ గారు ఆయన వెనకాల నిలబడి రేకు వంక చూసి, నా వంక చూసి, "ఔను, ఇదే" అన్నారు. ఆ మాట చెప్పడానికి ముందు ఆవిడ చిన్నగా ఊపిరి తీసుకున్నారు. మీరు ఈ పనిలోకి వస్తే రేకు చూసుకోవడం కాదు, అలాంటప్పుడు పక్కనున్న మనిషి ముఖం చూడండి. నాకు అప్పుడు చూడటం రాలేదు. ఆయన కళ్ళలో శుక్లాలు ముదిరాయని ఇంటిల్లిపాదికీ తెలుసట. మాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

బండంతా ఆ నీలం కొట్టాను. పని మాత్రం బాగా వచ్చింది, ఎక్కడా కారలేదు, దుమ్ము పడలేదు. సీటుకి కూడా పైన కొట్టి, తిరగేసి గన్ను ఎత్తాను. నొక్కలేకపోయాను. కింద అలాగే వదిలేసి బిగించేశాను. ఎందుకు వదిలానని అడిగితే చెప్పలేను. నిజం ఉంచాననుకున్నానో, పని ఎగ్గొట్టానో.

ఒక కన్ను

రంగు ఆరడానికి నిలబెట్టిన వారంలోనే నాయుడు గారిని కంటి ఆపరేషనుకి తీసుకెళ్ళారు. కంట్లో లెన్సు పెట్టే ఆపరేషను మా వైపు అప్పుడప్పుడే వస్తోంది. కుడి కన్ను చేశారు. ఎడమది మూడు నెలలాగి చేద్దామన్నారట. ఇదంతా ఆయన ఆటో దిగాకే నాకు తెలిసింది, నల్లద్దాలు చూసి. పైడమ్మ గారు ఆటోలోనే కూర్చున్నారు. మేస్త్రి షెడ్డు లోపల ఒక లారీ డ్రైవరుతో మాట్లాడుతున్నాడు. బండి బయట ఎండలో ఉంది.

నాయుడు గారు నల్లద్దాలు తీశారు. అరచేత్తో ఎడమ కన్ను మూసుకుని చూశారు. చెయ్యి మార్చి కుడి కన్ను మూసుకుని చూశారు. మళ్ళీ మార్చారు. ఆయన ఏం చేస్తున్నారో నాకర్థం కాలేదు.

"దానేసూ, ఇలా రా. ఈ ఎడం కంటికి నాను సెప్పిన రంగే. ఈ కుడి కంటికి ఇదేటిరా, జాతరలో రంగులరాట్నం లాగున్నాది."

ఆయన బండి దగ్గరికెళ్ళి, ఒక చెయ్యి మడ్‌గార్డు మీద ఆనించి వంగారు. సీటు కిందికి మెడ తిప్పి చూశారు. ఆయనకి తెలుసు, ఆ చోట తన బ్రష్షు ఎప్పుడూ దూరలేదని. లేచినప్పుడు కోపంగా లేరు. కోపంగా ఉంటే నాకు తేలికయ్యేది.

"సీటు నువ్వే ఇప్పినావు కదా."

"ఇప్పేనండి."

"కింద సూసినావు."

"సూసేనండి."

"ఎప్పుడు?"

"మొదట్లోనే."

"మరి సెప్పలేదేటి?"

నాకు అబద్ధం దొరకలేదు. "మీరు సరిపోలేదంటే మేస్త్రి పంపించేస్తానన్నాడండి. అప్పుడు నాను మా నావెక్కాల. నాకు సముద్రమంటే భయమండి." ఆ మాట నేను పైకి అనడం అదే మొదటిసారి. మా అమ్మతో కూడా అనలేదు.

ఆయన విన్నారు. తల ఊపారు. తర్వాత నాతో కాదన్నట్టుగా, బండితో చెప్పుకుంటున్నట్టుగా మాట్లాడారు. "అయిదేళ్ళుగా కాయకోత నానే సెప్తన్నాను. నాను ముదిరిందంటే అందరూ ముదిరిందన్నారు. పచ్చికాయలు కోయించినాను కావోలు. గోడలకి సున్నం తెల్లగా రాలేదు, ఇంకా నీలిమందు కలపండంటే కలిపినారు. నిన్న ఈ కంటితో సూస్తే నా ఇల్లంతా నీలంగున్నాది. ఒక్కరూ సెప్పలేదు." ఆటో వైపు చూశారు. పైడమ్మ గారు పైట సర్దుకుని అటు తిరిగి కూర్చున్నారు. "ఆళ్ళు ఇంటోళ్ళు. పెద్దోడు బాధపడతాడని ఊరుకున్నారు. నువ్వు నాకేటవుతావని ఊరుకున్నావురా?"

ఆ ప్రశ్నకి నేను రకరకాల జవాబులు కట్టుకున్నాను ఇన్నేళ్ళలో. ఏదీ నిలబడలేదు. ఆ రోజైతే బండి మీద కొత్త రంగు వాసన ఇంకా వస్తోంది. ఇప్పుడు మేస్త్రి వస్తాడు, ఈయన ఉన్నమాట చెప్తారు, సాయంత్రం బస్సుకి నేను ఊరెళ్ళిపోతాను అనుకున్నాను. ఆయన చెప్పినా నాకు కోపం వచ్చేది కాదు.

మేస్త్రి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏటి మావా, రంగు సరిపోయిందా?"

నాయుడు గారు నా ముఖంలోకి చూశారు, రెండు కళ్ళతోనూ. తర్వాత అరచెయ్యి ఎత్తి, ఆపరేషనైన కంటిని మూసుకుని, బండి వైపు తిరిగారు.

"సరిపోయింది" అన్నారు.

నల్లద్దాలు పెట్టుకుని ఆటో ఎక్కారు. ఆయన నన్ను కాపాడారో, నేనిచ్చిందే నాకు తిరిగిచ్చి వెళ్ళారో నాకు తెలియదు. మేస్త్రి నా వీపు చరిచి, లోపల లారీకి వాటర్ పేపరు పట్టమన్నాడు. వెళ్ళి రుద్దాను. చేతులు రుద్దుతూనే ఉన్నాయి, కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, షెడ్డులో అందరూ థిన్నరు మంట అనుకున్నారు.